38,387: ఒక హుక్ షాట్, ఇరవై సీజన్లు

38,387 బేసి సంఖ్య. చూడ్డానికి ఇది చిన్న సంగతే కానీ, కరీమ్ అబ్దుల్ జబ్బార్ ఎలాంటి ఆట ఆడారో ఇక్కడే తెలిసిపోతుంది.

అది ఆయన కెరీర్ మొత్తం పాయింట్లు. లెక్క చూద్దాం. బాస్కెట్‌బాల్‌లో బంతి రింగులో పడితే మామూలుగా 2 పాయింట్లు. ప్రత్యర్థి ఫౌల్ చేసినప్పుడు దొరికే ఫ్రీ త్రోకి 1. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 20 సీజన్లు ఆడిన కరీమ్ 15,837 బాస్కెట్లు, 6,712 ఫ్రీ త్రోలు వేశారు. బాస్కెట్లను రెండుతో గుణిస్తే 31,674. ఫ్రీ త్రోలు కలిపితే 38,386. ఇంకొకటి కావాలి. ఆ మిగిలిన ఒక్క పాయింటూ దూరం నుంచి వేసిన ఒకే ఒక్క త్రీ పాయింటర్ వల్ల వచ్చింది. మూడు పాయింట్ల గీత అవతలి నుంచి ఆయన తన మొత్తం కెరీర్‌లో 18 సార్లు ప్రయత్నిస్తే ఒక్కసారే బంతి పడింది. ఇప్పుడు ఒక్క ఆటలోనే పదేసి త్రీ పాయింటర్లు వేసేవాళ్లున్నారు.

సచిన్ అంతర్జాతీయ పరుగులు 34,357 అనగానే ఆ సంఖ్య బరువెంతో మనకు వేరే చెప్పనక్కర్లేదు. అమెరికాలో బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకు 38,387 అలాంటిది. లీగ్ చరిత్రలో అత్యధిక పాయింట్ల రికార్డు 1984 ఏప్రిల్ 5న కరీమ్ చేతికి వచ్చి, 2023 ఫిబ్రవరి 7 దాకా ఆయన దగ్గరే ఉంది. దాదాపు 39 ఏళ్లు! పైగా ఇందులో ప్లేఆఫ్స్, అంటే సీజన్ తర్వాత టైటిల్ కోసం జరిగే ఆటల, పాయింట్లు కలపలేదు. అవి వేరే ఖాతా: 237 ఆటల్లో 5,762.

అంత పెద్ద సంఖ్యను రెండేసి చొప్పున ఒకే మనిషి ఎలా పేర్చగలిగాడన్నది అసలు ప్రశ్న.

ఎత్తు ఒక్కటే చాలదు

కరీమ్ ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు, అంటే 218 సెంటీమీటర్లు. రింగు నేల నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంత పొడుగు మనిషి పాయింట్లు కొట్టడంలో వింతేముంది అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. ఆ మాట నిజమే అయితే మనూట్ బోల్ ఈ లెక్కల్లో ఎక్కడో పైన ఉండాలి. సూడాన్ నుంచి వచ్చిన బోల్ ఎత్తు 7 అడుగుల 7 అంగుళాలు. ఆయన 624 ఆటల్లో వేసిన పాయింట్లు 1,599. ఆటకు 2.6 చొప్పున. అడ్డుకున్న షాట్లు మాత్రం 2,086. వేసిన పాయింట్ల కంటే ఆపిన షాట్లే ఎక్కువ. ఎదుటివాడి బంతిని ఆపడానికి ఎత్తు బ్రహ్మాండంగా పనికొస్తుంది కానీ, మన బంతి రింగులో పడాలంటే వేరే విద్య ఉండాలి.

కరీమ్ దగ్గరున్న ఆ విద్య స్కైహుక్. దాన్ని మెల్లగా విడదీసి చూడాలి.

రింగుకు వీపు పెట్టి, ఎడమవైపు, ఏడెనిమిది అడుగుల దూరంలో నిలబడి బంతి అందుకుంటారు. భుజంతో ఒకసారి కుడివైపు కదలబోతున్నట్టు కనిపిస్తారు. వెనక కాపు కాస్తున్నవాడు అటు తూలగానే ఎడమ కాలు నేలకు తన్ని మధ్యలోకి తిరుగుతారు. కుడి మోకాలు పైకి లేస్తుంది. ఇప్పుడు ఆయన ఛాతీ రింగు వైపు ఉండదు. ఎడమ భుజం రింగుకేసి, శరీరం అడ్డంగా ఉంటుంది. మడిచిన ఎడమ మోచేయి అవతలివాణ్ని దగ్గరికి రానివ్వదు. కుడి చేయి పక్క నుంచి పూర్తిగా చాపుకుంటూ పైకి వెళ్లి, తలకు బాగా పైన, మణికట్టు ఒక్క విదిలింపుతో బంతిని వదులుతుంది. అడ్డుకోవాలనుకున్నవాడు ముందు ఆ మోచేతిని, తర్వాత భుజాల వెడల్పును, ఆ తర్వాత చాచిన చేతి పొడవును దాటాలి. ఇంత దాటి చెయ్యి పెట్టేసరికి బంతి దిగడం మొదలుపెడుతుంది. దిగుతున్న బంతిని తాకితే నిబంధనల ప్రకారం పాయింట్లు ఇచ్చేయాల్సిందే.

అందుకే ఆయన వేసిన 28,307 షాట్లలో 15,837 పడ్డాయి. 55.9 శాతం. ఆ ఇరవై ఏళ్లలో లీగ్ సగటు ఏ ఒక్క సీజన్‌లోనూ 50 శాతానికి చేరలేదు.

ఈ షాట్ కరీమ్ కనిపెట్టింది కాదు. హుక్ షాట్ ఆయన కంటే పాతది. చిన్నప్పుడు బడిలో పాతతరం ఆటగాడు జార్జ్ మైకన్ పేరు మీద ఉన్న సాధనతో దాన్ని మొదలుపెట్టారు. రింగు కింద నిలబడి కుడి చేత్తో ఒకటి, ఎడమ చేత్తో ఒకటి, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ... చేతులు నొప్పెట్టేదాకా అదే పని. మిల్వాకీలో ఆటలకు రేడియో వ్యాఖ్యానం చెప్పిన ఎడ్డీ డూసెట్ దానికి స్కైహుక్ అని పేరు పెడితే అదే నిలిచిపోయింది.

79-2, 88-2

1947 ఏప్రిల్ 16న న్యూయార్క్ హార్లెంలో పుట్టినప్పుడు ఆయన పేరు ఫెర్డినాండ్ లూయిస్ అల్సిండర్ జూనియర్. అందరూ ల్యూ అనేవారు. తండ్రి పోలీసు, జాజ్ సంగీతం నేర్చిన ట్రాంబోన్ కళాకారుడు కూడా. ఎనిమిదో తరగతికే పిల్లవాడు 6 అడుగుల 8 అంగుళాలకు పెరిగాడు. పవర్ మెమోరియల్ అకాడమీలో హైస్కూలు చదువుతుండగా ఆ జట్టు వరుసగా 71 ఆటలు గెలిచింది. అక్కడ ఆయన కాలంలో మొత్తం లెక్క 79 గెలుపులు, 2 ఓటములు.

తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ. కోచ్ జాన్ వుడెన్. అప్పట్లో మొదటి ఏడాది విద్యార్థులు కాలేజీ ప్రధాన జట్టులో ఆడకూడదు. 1965 నవంబర్‌లో ఆ కొత్త కుర్రాళ్ల జట్టుకూ ప్రధాన జట్టుకూ ఒక స్నేహపూర్వక ఆట పెట్టారు. ప్రధాన జట్టు అప్పటికి జాతీయ చాంపియన్. కొత్త కుర్రాళ్లు 75-60తో గెలిచారు. అల్సిండర్ 31 పాయింట్లు, 21 రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని అందుకోవడాలు). దేశంలోకెల్లా గొప్ప కాలేజీ జట్టు తన సొంత క్యాంపస్‌లోనే రెండో స్థానంలో ఉందన్న సంగతి ఆ రోజు బయటపడింది.

ప్రధాన జట్టులోకి వచ్చాక మూడేళ్లలో 88 గెలుపులు, 2 ఓటములు, మూడు జాతీయ టైటిళ్లు. ఆ రెండు ఓటముల్లో మొదటిది 1968 జనవరి 20న హూస్టన్ యూనివర్సిటీ చేతిలో, ఆ నగరంలోని ఆస్ట్రోడోమ్‌లో, 52,693 మంది ప్రేక్షకుల ముందు 71-69తో వచ్చింది. కంటిపొర గీరుకుపోయి చూపు సరిగా లేకుండానే ఆడిన అల్సిండర్ 18 షాట్లు వేస్తే 4 పడ్డాయి. రెండు నెలల తర్వాత జాతీయ సెమీఫైనల్‌లో అదే హూస్టన్‌ను యూసీఎల్‌ఏ 101-69తో ఓడించింది.

1967లో కాలేజీ క్రీడా సంఘం డంక్‌ను, అంటే బంతిని చేత్తో నేరుగా రింగులో కుక్కడాన్ని, నిషేధించింది. ఆ నిషేధం 1976 దాకా ఉంది. దాన్ని అల్సిండర్ నిబంధన అని పిలిచినవాళ్లు చాలామందే. నల్లజాతి కుర్రవాడు అందరి మీదా పైచేయి సాధిస్తుంటే అతని చేతిలోని ఆయుధాన్ని లాక్కున్నారన్న బాధ అందులో ఉంది. ఆ బాధ న్యాయమైనదే. అయితే ఆట వరకే చూస్తే, ఆ నిషేధం ఆయన్ను హుక్ షాట్ వైపు మరింత నెట్టింది. డంక్‌కు ఎగిరే కాళ్లు కావాలి. హుక్‌కు లయ తెలిసిన మణికట్టు చాలు. కాళ్లలో సత్తువ వయసుతో తగ్గిపోతుంది, మణికట్టు నేర్చింది అంత త్వరగా పోదు. ఇరవై ఏళ్లు అక్కరకొచ్చింది ఆ రెండోదే.

ఆట బయట కూడా ఆ కాలేజీ కుర్రవాడు ఊరుకోలేదు. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్న మహమ్మద్ అలీకి అండగా 1967 జూన్‌లో క్లీవ్‌లాండ్‌లో పేరున్న నల్లజాతి క్రీడాకారులు సమావేశమైతే, ఇరవై ఏళ్ల అల్సిండర్ అందులో కూర్చున్నారు. 1968లో ఇస్లాం స్వీకరించారు. స్వదేశంలో తన జాతికి జరుగుతున్నది చూసి ఆ ఏడాది ఒలింపిక్స్ జట్టు ఎంపికకు వెళ్లలేదు.

ఒక నాణెం, రెండు నగరాలు

1969లో కాలేజీ నుంచి వచ్చేవాళ్లలో మొదటి ఆటగాణ్ని ఎంచుకునే హక్కు ఎవరిదో తేల్చడానికి ఫీనిక్స్, మిల్వాకీ జట్ల మధ్య నాణెం ఎగరేశారు. ఫీనిక్స్ బొమ్మ కోరింది. బొరుసు పడింది. మిల్వాకీ అంతకుముందు ఏడాదే పుట్టిన జట్టు. మొదటి సీజన్‌లో 82 ఆటల్లో 27 గెలిచింది. అల్సిండర్ రాగానే 56. ఆ మరుసటి ఏడాది ఆస్కార్ రాబర్ట్‌సన్ తోడయ్యాక 66 గెలుపులు, ఫైనల్స్‌లో బాల్టిమోర్ మీద 4-0, టైటిల్. ఫీనిక్స్ ఈ రోజుకీ ఒక్క టైటిల్ గెలవలేదు.

టైటిల్ గెలిచిన మర్నాడు, 1971 మే 1న, ఆయన కరీమ్ అబ్దుల్ జబ్బార్ అనే పేరు తీసుకున్నారు. కీర్తి శిఖరాన ఉన్న రోజున, దేశమంతా తెలిసిన పేరును పక్కన పెట్టడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఆ తర్వాతి సీజన్ ఆయన జీవితంలోకెల్లా పెద్ద సీజన్: ఆటకు 34.8 పాయింట్లు, మొత్తం 2,822. ఆట నిడివి 48 నిమిషాలైతే సగటున 44 నిమిషాలు కోర్టు మీదే ఉన్నారు.

1973 జనవరిలో ఘోరం జరిగింది. తనకు మతం బోధించిన గురువు కుటుంబం కోసం వాషింగ్టన్‌లో ఆయన కొనిచ్చిన ఇంట్లోకి దుండగులు చొరబడి ఏడుగురిని చంపేశారు. చనిపోయినవాళ్లలో పసిపిల్లలున్నారు. ఆ సీజన్ పట్టిక తెరిస్తే 76 ఆటలు, ఆటకు 30.2 పాయింట్లు అని మాత్రమే ఉంటుంది. ఆ అంకెల వెనక పోలీసు కాపలా మధ్య తిరిగిన ఒక పాతికేళ్ల మనిషి ఉన్నాడు. పట్టికలు చదివేటప్పుడు ఈ మాట మరవకూడదు.

మిల్వాకీలో ఆరేళ్లకు 467 ఆటలు, 14,211 పాయింట్లు. 1975లో లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు మారారు. అక్కడ పద్నాలుగేళ్లలో 1,093 ఆటలు, 24,176 పాయింట్లు.

ఆడని 80 ఆటలు

20 సీజన్లు, సీజన్‌కు 82 చొప్పున 1,640 ఆటలు జరిగాయి. కరీమ్ ఆడినవి 1,560. అంటే ఆడనివి 80 మాత్రమే. ఆ ఎనభైని కూడా విడదీస్తే ఆశ్చర్యం వేస్తుంది.

1974లో సీజన్ మొదలవకముందే ఒక ఆటలో మళ్లీ కన్ను గీరుకుపోయింది. నొప్పి, కోపం కలిసి రింగును మోసే స్తంభాన్ని పిడికిలితో గుద్దారు. చెయ్యి విరిగింది. ఆయన లేని మొదటి 16 ఆటల్లో మిల్వాకీ గెలిచినవి 3. ఆ సీజన్ మొత్తంలో ఆయన పోగొట్టుకున్నవి 17. కళ్లజోడు కట్టుకుని ఆడటం అప్పటి నుంచే. 1977 అక్టోబర్‌లో సీజన్ తొలి ఆటలో, మొదలైన రెండు నిమిషాలకే మిల్వాకీ కుర్రాడు కెంట్ బెన్సన్ కడుపులో మోచేత్తో పొడిచాడు. కరీమ్ తిరిగి ఒక్క గుద్దు గుద్దారు. మళ్లీ చెయ్యి విరిగింది. 5,000 డాలర్ల జరిమానా, 20 ఆటలు పోయాయి.

ఈ రెండు సీజన్లలో పోయినవే 37. మిగిలిన పద్దెనిమిది సీజన్లకు కలిపి 43, సగటున ఏడాదికి రెండున్నర కూడా లేదు. ఎన్‌బీఏ ఇప్పుడు పెద్ద అవార్డులకు అర్హత కావాలంటే కనీసం 65 ఆటలు ఆడాలని నిబంధన పెట్టింది. దాన్ని వెనక్కి తీసుకెళ్లి కరీమ్‌కు వర్తింపజేస్తే, ఇరవైలో ఒక్క 1977-78 మాత్రమే తప్పుతుంది. లీగ్ అత్యంత విలువైన ఆటగాడిగా ఆయన ఎంపికైన సీజన్లు ఆరు: 1971, 72, 74, 76, 77, 80లలో ముగిసినవి. ఆ ఆరు సీజన్లలో కలిపి ఆయన ఆడనివి రెండంటే రెండే ఆటలు. ఆరుసార్లు ఆ గౌరవం ఇంకెవరికీ దక్కలేదు. మైకేల్ జోర్డాన్‌కూ, బిల్ రస్సెల్‌కూ ఐదేసి.

మొత్తం ఆడిన సమయం 57,446 నిమిషాలు. రాత్రీ పగలూ ఆపకుండా ఆడితే దాదాపు 40 రోజులు. సగటున ప్రతి మూడు నిమిషాలకూ రెండు పాయింట్లు, అంటే ఒక బాస్కెట్. పాయింట్లతో పాటు 17,440 రీబౌండ్లు, 5,660 అసిస్టులు (తోటివాడి బాస్కెట్‌కు దారితీసిన పాస్‌లు), 3,189 బ్లాకులు (అడ్డుకున్న షాట్లు). ఆయన మొదటి నాలుగు సీజన్లలో లీగ్ బ్లాకులను లెక్కబెట్టేదే కాదు. అందుకని ఆ చివరి సంఖ్యను ఉన్నదానికంటే ఎక్కువగానే ఊహించుకోవాలి.

శరీరం ఇంతకాలం నిలబడడానికి ఆయన చెప్పే కారణాల్లో యోగా ముందుంటుంది. 1970ల మధ్య నుంచి క్రమం తప్పకుండా ఆసనాలు వేశారు. అమెరికన్ ఆటగాళ్లు అప్పటికి యోగాను పెద్దగా పట్టించుకునేవారు కాదు. కాలేజీ రోజుల నుంచి బ్రూస్ లీ దగ్గర యుద్ధవిద్య కూడా నేర్చుకున్నారు. ఇద్దరూ తలపడే దృశ్యాలను 1972లో చిత్రీకరించారు. బ్రూస్ లీ పోయాక, 1978లో విడుదలైన గేమ్ ఆఫ్ డెత్‌లో అవి ఉన్నాయి. బరువులెత్తి కండలు పెంచడం కంటే కీళ్లు సాగేలా, ఊపిరి నిలిచేలా చూసుకోవడం మీదే ఆయన దృష్టి.

ముప్ఫై దాటాక 19,749

నన్ను ఎక్కువగా కట్టిపడేసే సంఖ్య ఇదే. 1977 ఏప్రిల్‌లో కరీమ్‌కు ముప్ఫై నిండాయి. అప్పటికి ఎనిమిది సీజన్లలో 18,638 పాయింట్లు. ఆ తర్వాతి పన్నెండు సీజన్లలో 19,749. సగం కంటే ఎక్కువ భాగం ముప్ఫై దాటాకే వచ్చింది. ఆరు టైటిళ్లలో ఐదు కూడా ఆ తర్వాతివే: 33, 35, 38, 40, 41 ఏళ్ల వయసులో.

1979లో ఇరవై ఏళ్ల మ్యాజిక్ జాన్సన్ లేకర్స్‌లో చేరాడు. శాన్ డియాగోలో తొలి ఆట. చివరి క్షణంలో కరీమ్ స్కైహుక్ వేస్తే జట్టు 103-102తో గెలిచింది. మ్యాజిక్ పరుగెత్తుకెళ్లి, ఏదో టైటిలే గెలిచినట్టు ఆయన మెడకు వేలాడాడు. ఇంకా 81 ఆటలున్నాయి, ప్రతిసారీ ఇలా చేయకు అన్న అర్థంలో కరీమ్ సర్దిచెప్పారు. ఎవరితోనూ కలవరు, ముభావి, పత్రికలవాళ్లకు దొరకరు అని అప్పటిదాకా ఆయనకు పేరు. ఈ కుర్రాడి ఉత్సాహం పక్కన పడ్డాక ఆ ముఖంలో నవ్వు కనిపించసాగింది.

1983 జనవరిలో ఇల్లు కాలిపోయింది. ఏళ్లుగా పోగేసిన వేలాది జాజ్ రికార్డులు బూడిదయ్యాయి. అభిమానులు తమ దగ్గరున్న రికార్డులు తెచ్చి ఆయనకు ఇచ్చారు. తనను జనం దూరం పెట్టారనుకున్న మనిషి మనసును ఆ సంఘటన కరిగించింది.

రికార్డు రాత్రి లాస్ వేగాస్‌లో వచ్చింది. విల్ట్ చాంబర్లెయిన్ 1,045 ఆటల్లో చేసిన 31,419 పాయింట్లు అప్పటి హద్దు. నాలుగో క్వార్టర్‌లో 8 నిమిషాల 53 సెకన్లు మిగిలి ఉండగా మ్యాజిక్ బంతి అందించాడు. వెనక కాపు కాస్తున్నది 7 అడుగుల 4 అంగుళాల మార్క్ ఈటన్. భుజం కుడికి, మలుపు ఎడమకు, చెయ్యి పైకి. 31,421. ఆ రికార్డును బద్దలు కొట్టిన షాట్ కూడా స్కైహుక్కే, అదీ తనకంటే పొడుగైన మనిషి మీదుగా.

1985 ఫైనల్స్ అంకెలు చూస్తే ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి పట్టుదల తెలుస్తుంది. మొదటి ఆటలో బోస్టన్ చేతిలో 148-114తో చిత్తుగా ఓడారు. కరీమ్‌వి 12 పాయింట్లు, 3 రీబౌండ్లు. ముసలాడైపోయాడని పత్రికలు రాసేశాయి. ఆ ఆట వీడియో చూసే సమావేశాల్లో ఆయన ముందు వరుసలో కూర్చుని తన తప్పులన్నీ చూశారు. రెండో ఆటకు తండ్రిని జట్టు బస్సులో వెంట తీసుకెళ్లారు. ఆ రోజు 30 పాయింట్లు, 17 రీబౌండ్లు, 8 అసిస్టులు, 3 బ్లాకులు. ఫైనల్స్‌లో బోస్టన్ చేతిలో అంతకుముందు ఎనిమిదిసార్లు ఓడిన లేకర్స్ తొలిసారి గెలిచింది. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు కరీమ్. అదే గౌరవం ఆయనకు మొదటిసారి దక్కింది 1971లో. మధ్యలో 14 ఏళ్లు!

చివరి మూడేళ్ల విలువ

ఆటకు 17.5, తర్వాత 14.6, చివరికి 10.1. ఆయన ఆఖరి మూడు సీజన్ల సగటులివి. 1977 డిసెంబర్ నుంచి ఆడిన ప్రతి ఆటలోనూ పదికి తగ్గకుండా పాయింట్లు వేస్తూ వచ్చిన వరుస 787 దగ్గర, 1987 డిసెంబర్‌లో ఆగిపోయింది. ఆ రోజు వేసింది 7. అప్పుడే ఆపేయాల్సింది, నలభై దాటాక కూడా సాగదీశాడు అన్నవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. అంకెలే వాళ్ల మాటను నిలబడనివ్వవు.

1986లో ఆపేసి ఉంటే ఆయన ఖాతాలో 1,328 ఆటలు, 35,108 పాయింట్లు ఉండేవి. సగటు 26.4. ఇప్పుడున్న 24.6 కంటే ఎంతో అందమైన సంఖ్య. కానీ కార్ల్ మలోన్ 36,928 పాయింట్లతో 2004లో ఆట ముగించాడు. అంటే 35,108 అనే రికార్డు 2002-03 సీజన్‌లోనే చెరిగిపోయేది. చివరి మూడేళ్లలో, తగ్గిన వేగంతో, తగ్గిన నిమిషాలతో వేసిన 3,279 పాయింట్లే ఆ రికార్డును మరో ఇరవై ఏళ్లు కాపాడాయి. సగటు తగ్గుతుందని తెలిసీ ఆయన ఆడారు.

పైగా ఆ మూడేళ్లలో రెండు టైటిళ్లొచ్చాయి. 1988 ఫైనల్స్ ఆరో ఆటలో డెట్రాయిట్ 102-101తో ముందుంది. ఓడితే సిరీస్ అయిపోయినట్టే. 14 సెకన్లున్నాయనగా స్కైహుక్ వేయబోతున్న కరీమ్‌కు ఫౌల్ దొరికింది. ఆ ఫౌల్ ఇవ్వడం సరైనదా కాదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. 41 ఏళ్ల మనిషి, మోత మోగుతున్న స్టేడియంలో, జీవితమంతా కలిపి 72 శాతమే ఫ్రీ త్రోలు వేసిన చేత్తో రెండూ వేశారు. 103-102. ఏడో ఆట కూడా గెలిచి లేకర్స్ టైటిల్ నిలబెట్టుకుంది. ఆ రెండు పాయింట్లు ప్లేఆఫ్స్‌వి కాబట్టి 38,387లో లేనే లేవు.

1989లో 42 ఏళ్ల వయసులో ఆట ఆపారు. 2023లో లెబ్రాన్ జేమ్స్ ఆయన్ను దాటేసరికి ఆడినవి 1,410 ఆటలు, కరీమ్ మొత్తం ఆటలకంటే 150 తక్కువ. అయితే ఈ పోలికలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. లెబ్రాన్ హైస్కూలు నుంచి నేరుగా 18 ఏళ్లకే లీగ్‌లోకి వచ్చారు, కరీమ్ నాలుగేళ్ల కాలేజీ ముగించి 22 ఏళ్లకు వచ్చారు. లెబ్రాన్ అప్పటికే రెండు వేలకు పైగా త్రీ పాయింటర్లు వేశారు, కరీమ్‌కు ఆ గీత 1979 దాకా లేదు, వచ్చాక దానితో ఆయనకు పని పడలేదు. ఎవరు గొప్ప అని తేల్చడానికి ఈ మాట చెప్పడం లేదు. లెబ్రాన్ రికార్డు కొట్టిన రాత్రి, 75 ఏళ్ల కరీమ్ కోర్టు పక్కనే కూర్చుని చూసి, లేచి వచ్చి, బంతిని పైకెత్తి ఆయన చేతిలో పెట్టారు.

ఆట తర్వాత

ఎన్‌బీఏలో ప్రధాన కోచ్ పదవి ఆయనకు ఎప్పుడూ దక్కలేదు. అది లీగ్ చేసిన పొరపాటే అని నా అభిప్రాయం. 1998-99లో ఆరిజోనాలోని అపాచీ ఆదివాసుల ప్రాంతానికి వెళ్లి, వైట్‌రివర్‌లోని ఒక హైస్కూలు జట్టుకు ఏడాదికి ఒక్క డాలర్ జీతానికి ఆట నేర్పారు. ఆ అనుభవం మీద పుస్తకం రాశారు. చరిత్ర, జాజ్, హార్లెం, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులు, షెర్లాక్ హోమ్స్ అన్న మైక్రాఫ్ట్ కథానాయకుడిగా నవల... రాసినవి చాలానే. పదిహేడేళ్ల వయసులో హార్లెం యువకుల పత్రిక కోసం విలేకరిగా మార్టిన్ లూథర్ కింగ్ సమావేశానికి వెళ్లిన కుర్రవాడు మళ్లీ కలం పట్టారు. 2016లో అధ్యక్షుడు ఒబామా నుంచి ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు.

2008 చివర్లో ఆయనకు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉందని తేలింది. మరుసటి ఏడాది ఆ విషయం బయటికి చెప్పారు. ఈ జబ్బు పదేళ్ల ముందు వచ్చి ఉంటే కథ వేరేగా ఉండేది. ఇమాటినిబ్ అనే మాత్ర 2001లో అమెరికాలో అనుమతి పొందాక, ఒకప్పుడు ప్రాణాంతకమైన ఈ క్యాన్సర్ రోజూ మందు వేసుకుంటూ అదుపులో పెట్టుకోగల జబ్బుగా మారింది. 2015లో గుండెకు నాలుగు బైపాస్‌ల ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత నుంచి నల్లజాతి సమాజంలో గుండెజబ్బు, క్యాన్సర్ పరీక్షలు చేయించుకోవాలని పదేపదే మాట్లాడుతూ వచ్చారు.

2019లో తన టైటిల్ ఉంగరాల్లో నాలుగింటిని, కొన్ని ట్రోఫీలను వేలం వేశారు. దాదాపు 30 లక్షల డాలర్లు వచ్చాయి. అందులో ఎక్కువ భాగం తాను పెట్టిన స్కైహుక్ ఫౌండేషన్‌కు ఇచ్చారు. లాస్ ఏంజెలెస్ ప్రభుత్వ పాఠశాలల పిల్లలను ఆ సంస్థ నగరం పక్కనున్న అడవిలోని శిబిరానికి తీసుకెళ్తుంది. ఐదు రోజులు, నాలుగు రాత్రులు అక్కడే ఉండి నేల, నీళ్లు, చెట్లు, పురుగులు, నక్షత్రాలను దగ్గరగా చూస్తూ పిల్లలు సైన్స్ నేర్చుకుంటారు.